ఖడ్గము పట్టిన చేత పుస్తకము
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభలయందు గ్రంథములను స్తుతించుట వాడుక. పుస్తకము జ్ఞానదీపమనియు, గ్రంథాలయము సరస్వతీ మందిరమనియు వక్తలు చెప్పుదురు. ఆ మాటలు సత్యములే. అయినను ఇరువదియైదు సంవత్సరములు నిలిచిన గ్రంథాలయమును స్తోత్రముతో సాగనంపుటకంటె ఒక ప్రశ్న నడుగుట మేలు. కోపము వచ్చినప్పుడు కఱ్ఱ నెత్తిన చేతిని పుస్తకము దింపగలదా? ఈ యుపన్యాసము ఆ యొక్క ప్రశ్నను గూర్చినది. దానికి దృష్టాంతముగా జపాను దేశపు చలనచిత్ర మొకటి గైకొనబడినది. గ్రంథాలయ సభలో కత్తియుద్ధముల సినిమా యేల యని పెద్దలు సందేహింపవచ్చును. ఆ కథకు నడుమ పుస్తకముల గది యొకటి యున్నది. అందువలన అది యీ సభకు తగిన కథ.

ఆ చిత్రము పేరు 'మియమోతో ముసాషి'. తోహో సంస్థవారి కొఱకు హిరోషి ఇనగాకి యను దర్శకుడు దీనిని మూడు భాగములుగా 1954, 1955, 1956 సంవత్సరములలో తీసెను. కథానాయకుడు తోషిరో మిఫూనె. అదే 1954లో వెలువడిన కురొసావా గారి 'ఏడుగురు సమురాయిలు' చిత్రమునందును ఆయనయే నటించెను. ఇనగాకి తీసిన మొదటి భాగమునకు అమెరికా చలనచిత్ర అకాడమీవారు 1955వ సంవత్సరపు ఉత్తమ విదేశీ చిత్రమని గౌరవ పురస్కార మొసగిరి. మూలకథ ఎయిజి యోషికావా వ్రాసిన నవల. అది అసాహి దినపత్రికలో 1935 నుండి 1939 వఱకు ధారావాహికముగా వచ్చి, ఇంటింట చదువబడినది.

సమురాయి లనగా పూర్వము జపానులో ప్రభువుల కొలువున ఖడ్గము ధరించి జీవించిన యోధులు. కాకతీయుల కాలమున లెంకలను వారుండిరి. ఏలిక కొఱకు ప్రాణములిచ్చుట వారి వ్రతము. సమురాయిలును అట్టివారే యని తలచిన చాలును.

కథ యిట్లు నడచును. తకేజో యను పల్లెటూరి యువకుడు మిక్కిలి బలశాలి, మిక్కిలి కోపిష్ఠి. ఊరిలో వానిని మెచ్చువారు లేరు, వెఱచువారే. 1600వ సంవత్సరమున సెకిగహారా యను చోట జపాను దేశపు ప్రభుత్వము నెవరిదో తేల్చిన మహాయుద్ధము జరిగెను. కీర్తి సంపాదింపవలెనని తకేజో తన మిత్రుడగు మతాహాచితో గూడి ఆ యుద్ధమునకు పోయెను. వారు చేరిన పక్షము ఓడిపోయెను. మిత్రుడు దారిలో దొరకిన ఆడువారి ఆశ్రయమున చిక్కి, కన్నతల్లిని, నిశ్చయించిన కన్యను మఱచెను. తకేజో ఒంటరిగా, ఆ వార్త చెప్పుటకై ఊరికి మరలెను. కాపలాదారులను కొట్టి చొచ్చివచ్చినవాడగుటచే వానిని పట్టుకొనుటకు భటులు అడవులు గాలించిరి. పట్టవచ్చినవారిని వాడు నేలగూల్చెను. మనుష్యుడు మృగమైపోయెను.

అప్పుడు తకువాన్ అను బౌద్ధ సన్న్యాసి వచ్చెను. భటు లెందఱో చేయలేని పని యాయన ఒక్కడే చేసెను. తకేజోను పట్టి తెచ్చి, పెద్ద వృక్షపు కొమ్మకు త్రాళ్లతో కట్టి వ్రేలాడదీసెను. వాడు గర్జించెను, తిట్టెను. సన్న్యాసి క్రింద నిలిచి వానికి బుద్ధి చెప్పెను. ఓత్సూ యను కన్య జాలిపడి కట్లు విప్పగా వాడు తప్పించుకొనెను. తుదకు సన్న్యాసి వానిని మాయచేసి హిమేజి దుర్గమునకు కొనిపోయి, పైకప్పు క్రింది గదిలో నుంచి తలుపు మూసెను. ఆ గది నిండ పుస్తకములు. మూడు సంవత్సరములు వాడు ఆ గదిలో నుండెను. తలుపు తెఱచునప్పటికి తకేజో లేడు. మియమోతో ముసాషి యను క్రొత్త పేరుగల మనుష్యు డుండెను. ఊరి పేరే ఇంటిపేరుగా నాతనికి లభించెను.

ఇంతతో కథ ముగిసినచో నీతికథ యగును. పాఠశాల వాచకములో నచ్చువేయవచ్చును. కాని ఇచ్చట ముగియలేదు. మూడేండ్లు చదివి వెలుపలికి వచ్చిన ముసాషి ఖడ్గమును వదలలేదు. రెండవ చిత్రమున నాతడు మొదటనే ఒక ద్వంద్వయుద్ధము గెలుచును. చూచుచున్న వృద్ధు డొకడు మెచ్చుకొనక, బలమున్నది గాని నీయందు నెమ్మది లేదని మందలించును. తరువాత క్యోతో నగరపు యోషియోకా శిక్షణాలయమువారు పదులకొలది జనముతో నాతనిని చుట్టుముట్టగా, ఇచిజోజి ఆలయము చెంత ఘోరమైన పోరు జరుగును. చదివిన చేతులకే రక్తమంటును. అయినను తుదకు ఆ శిక్షణాలయపు యజమాని తన ఖడ్గము క్రింద పడినప్పుడు ముసాషికి పెద్దల మాటలు జ్ఞప్తికి వచ్చును. ఎత్తిన చేయి ఆగును. శత్రువు బ్రతుకును. రెండు చిత్రముల కథకు ఫలము ఆ యొక్క క్షణము.

మూడవ చిత్రము రైతులకు మిక్కిలి హృద్యమైనది. ప్రభుత్వ కొలువున గురుపీఠము లభించు నవకాశమును ముసాషి కాదని, ఒక పాడుపడిన పల్లె చేరి పలుగు, పార పట్టును. బీడు దున్నును. దొంగలు పల్లెమీద పడినప్పుడు గ్రామస్థులకు అండగా నిలుచును. ఖడ్గము నేర్పలేనిది నేల నేర్పెనని ఆ భాగము చూచువారికి తోచును. కడపట గన్ర్యూ ద్వీపమున, సూర్యోదయ వేళ, ససాకి కోజిరో యను మహావీరునితో పోరు తప్పదు. పడవ తెడ్డును చెక్కి చేసిన కొయ్యకత్తితో ముసాషి గెలుచును. గెలిచి జయధ్వని చేయడు. తిరుగు పడవలో కూర్చుండి కన్నీరు విడుచును. మొదటి చిత్రమున మృగమువలె గర్జించినవాడు, మూడవ చిత్రమున చంపిన శత్రువు కొఱకు ఏడ్చును. ఆ రెంటికి నడుమనున్న దూరమే ఆ కథ.

ఇందు చరిత్ర యెంత, కల్పన యెంత యని విమర్శకులు అడుగుదురు. అడుగవలసినదే. ముసాషి నిజముగా జీవించిన పురుషుడు, 1645లో మరణించెను. కోజిరోతో ద్వంద్వము 1612లో జరిగినట్లు చెప్పుదురు. పదుమూడవ యేట మొదలిడి ఇరువదితొమ్మిదవ యేటి వఱకు అఱువదికి పైగా పోరులు పోరి ఒక్కటియు ఓడలేదని ఆతడే వ్రాసికొనెను. అటుపిమ్మట గెలుపులను దాటిన తత్త్వమును వెదకితినని కూడ వ్రాసెను. 1643లో కుమమోతో చెంతనున్న రెయిగందో గుహలో కూర్చుండి, 'అయిదు వలయముల గ్రంథము' అను పుస్తకమును ప్రారంభించెను. పృథివి, జలము, అగ్ని, వాయువు, శూన్యము అని దానికి అయిదు భాగములు. పంచభూతముల లెక్క తెలిసిన తెలుగువారికి ఇది వింత గాదు. ఆతడు చిత్రకారుడు గూడ. ఎండిన కొమ్మపై నొంటరిగా నిలిచిన పక్షిని చిత్రించిన ఆతని చిత్రము నేటికిని ఉన్నది. ఇదంతయు చరిత్ర. పుస్తకముల గదిలో మూడేండ్ల చెఱ మాత్రము నవలాకారుని కల్పన.

అయినచో పుస్తకము మనుష్యుని మార్చుననుట వట్టి కల్పనయేనా? ఇచ్చట తెలుగుదేశము సాక్ష్యము చెప్పవలెను.

పలనాటి వీరగాథ వినని పల్లె లేదు. కారెంపూడి రణరంగమున అన్నదమ్ముల బిడ్డలు, బంధువులు కోడిపందెముతో రగిలిన పగచే నశించిరి. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యమున, 1947, 1966 సంవత్సరముల చలనచిత్రములందు ఈ కథ మరల మరల చెప్పబడినది. అంతయు ముగిసిన పిదప బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలమున ప్రవేశించెనని జనులు చెప్పుకొందురు. ముసాషి గుహలో చేరి పుస్తకము వ్రాసెను. బ్రహ్మనాయుడు బిలములో చేరి మౌన మయ్యెను. ఆ మౌనము తెలుగువారి కొక నష్టము. ఆయన తన కన్నుల చూచిన నాశమును తానే వ్రాసియుండినచో నెట్టి గ్రంథమయ్యెడిదో గదా!

మౌనము వహింపని రా జొకడు తెలుగునేలపై శిల చెక్కించెను. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి చెంత కొండరాళ్లపై అశోక చక్రవర్తి ధర్మశాసనములు నేటికిని చదువదగియున్నవి. అందు పదుమూడవ శాసనము కళింగ యుద్ధమును గూర్చినది. పట్టాభిషిక్తుడైన ఎనిమిదవ యేట కళింగమును జయించితిననియు, లక్షయేబదివేలమంది చెఱగొనిపోబడిరనియు, లక్షమంది హతులైరనియు, అంతకు ఎన్నియో రెట్లు మరణించిరనియు, అందులకు తాను మిక్కిలి పశ్చాత్తాపము నొందితిననియు రాజు ప్రకటించెను. గెలిచిన రాజులు శాసనములలో తమ జయములను వ్రాయింతురు. చంపినవారి లెక్కను దుఃఖముతో వ్రాయించిన రాజు అరుదు. ధర్మముచే జయించుటయే ఉత్తమ విజయమని ఆయన తీర్మానము. ఆ శాసనమున ఆంధ్రుల పేరును గలదు.

ఇందు ఆలోచింపదగిన విశేషములు మూడు. మొదటిది: ఈ పశ్చాత్తాప శాసనము కళింగముననే యున్న ధౌళి, జౌగడ శిలలమీద లేదు, దెబ్బతిన్నవారి యెదుట ఆ మాట చెక్కుటకు రాజు జంకెనో, వారి పుండు రేపరాదని తలచెనో, అచ్చట వేఱు శాసనములు వ్రాయించెను. తెలుగునేల మాత్రము ఆ క్షమాపణను భద్రపఱచినది. రెండవది: పశ్చాత్తాపము పొందియు అశోకుడు సైన్యమును రద్దు చేయలేదు, అటవికులను శాంతముగా నుండుడని చెప్పుచు, తనకు శక్తి యున్నదను సంగతిని గూడ జ్ఞాపకము చేసెను. ముసాషివలెనే ఆయనయు ఖడ్గమును ఒరలో నుంచెను, పాఱవేయలేదు. మూడవది మిక్కిలి ముద్దైనది. ఎఱ్ఱగుడి లఘుశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, మరుపంక్తి కుడినుండి ఎడమకును చెక్కబడినవి. నాగలి సాలు చివర ఎద్దులు మరలినట్లు ఆ వ్రాత మరలును. అహింసాధర్మము తెలుగునేలపై రైతు సాలువలె దున్నబడినది.

పండితు లీ సందర్భమున తిక్కన శాంతిపర్వమును స్మరింతురు. కురుక్షేత్రమున గెలిచిన ధర్మరాజు సింహాసన మెక్కుటకు సంతోషింపలేదు. అడవికి పోవుదునని కుమిలిపోయెను. వానికి ఓదార్పు ఎక్కడ దొరకెను? తానే ఓడించిన పితామహుని అంపశయ్య చెంత దొరకెను. గెలిచినవాడు ఓడినవాని పాదముల చెంత కూర్చుండి వినుట, భారతము చెప్పిన విద్య. జపాను చిత్రమున సన్న్యాసి చేసినదియు, వృద్ధుడు చేసినదియు ఇదియే. మనుష్యుని మార్చుటకు పుస్తకము, పెద్దవాని మాట, వినువాని వంగిన శిరస్సు, ఈ మూడును కావలెను. పుస్తక మొక్కటియే చాలునని గ్రంథాలయ సభలో నైనను చెప్పరాదు.

తెలంగాణమున ఈ సత్యము చెఱసాలలలో గూడ ఋజువైనది. నిజాము పాలనమున సభ చేయవలెనన్న ముందుగా అనుమతి కావలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ఆ కాలపువారికి బాగుగా తెలియును. నిజాము పాలనముననే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు మోసికొని ఊరూర అమ్మెను. ఆయనను చెఱలో నుంచిరి. చెఱనుండి కథలు పుట్టినవి. నిజామాబాదు చెఱసాల గోడపై దాశరథి బొగ్గుతో పద్యములు వ్రాసెను. ముసాషికి గది నిండ పుస్తకములు పెట్టి తలుపు మూసిరి. వీరికి పుస్తకములు లేని గదిలో తలుపు మూసిరి. వీరు గోడనే పుస్తకము చేసిరి. చిత్రకథలోని చెఱకును తెలంగాణపు చెఱకును ఇంత భేదమున్నది.

ఇక ఊరి సంగతి. మేడ్చల్ ప్రాంతము పూర్వము అత్రాఫ్ బల్దా జిల్లాలోనిది. 1978లో రంగారెడ్డి జిల్లాలో చేరెను. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యయ్యెను. శామీర్‌పేట చెఱువు క్రింద వరి పండించినవారి మనుమలు నేడు బాహ్యవలయ రహదారి వాహనముల మ్రోత వినుచున్నారు. ఎకరములు, గుంటలు అను మాటలు పోయి గజములు వచ్చినవి. ఎకరమునకు 40 గుంటలు, 4,840 చదరపు గజములు. గుంటకు 121 చదరపు గజములు. ఈ లెక్కను కొంచెము సావధానముగా వినవలెను. హద్దురాయి మూరెడు, అనగా అరగజము, జరిగినదనుకొనుడు. చేను పొడవు 242 గజములైనచో పోయినది సరిగా ఒక గుంట. తాతల కాలమున ఆ గుంటలో పండునవి కొన్ని కుంచముల గింజలు. అన్నదమ్ములు గట్టుమీద కూర్చుండి నవ్వి, పోనిమ్మనుకొనిరి. నేడు గుంటంత స్థలముపై ఒక ఇల్లు లేచును. అందువలన మూరెడు జరిగినచో కఱ్ఱలు లేచుచున్నవి. ఒక తల్లి బిడ్డలు ఒకరి గడప నొకరు త్రొక్కక, ఊరి పండుగనాడు బోనము వేఱువేఱు దారుల తీసికొనిపోవుచున్నారు.

శామీర్‌పేటయందే దేశప్రసిద్ధమైన న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయ మున్నది. చదువునకు కొఱత లేదు. కాని చదువు చేత వచ్చిన నేర్పు రెండంచుల కత్తి. చదువురానివాడు హద్దురాయిని రాత్రివేళ జరుపును; చదివినవాడు పగటివేళ కాగితమును జరుపును. రాయి జరిపినవానిని ఊరు పట్టగలదు. కాగితము జరిపినవానిని పట్టుటకు రెండు తరములు పట్టును. మూడేండ్లు చదివి వెలికివచ్చియు ముసాషి రక్తపాతము చేసినట్లే, పట్టాలు పొందినవారును తోబుట్టువుల నోటికూడు తీయుచున్నారు. కాబట్టి ఊరిలో ఎందఱు చదివిరని లెక్కించి తృప్తిపడరాదు. ఎత్తిన చేయి ఎందఱి విషయమున ఆగినదని లెక్కింపవలెను. ఆ లెక్క ఏ దస్త్రమునందును లేదు.

అయినను గ్రంథాలయమున కొక సుగుణము గలదు. ఇచ్చటి బల్ల పొడవైనది, అందఱి కొకటియే. న్యాయస్థానమున వాది ప్రతివాదులు ఎదురెదురుగా నిలుతురు. గ్రంథాలయమున ఇద్దఱును ఒకే బల్లకు ఒకే వైపున కూర్చుండి ఒకే పత్రికలోని పుటలను పంచుకొని చదువవలెను. మొదటి పుట నీ కీయుము, నడిమి పుట నా కిమ్మనుటకైనను నోరు విప్పక తప్పదు. నోరు విప్పినచోట కఱ్ఱ దిగుటకు దారి యున్నది. హిమేజి దుర్గమున బయటినుండి గడియ పెట్టవలసివచ్చెను. ఈ గ్రంథాలయపు తలుపు ఇరువదియైదేండ్లుగా తెఱచియే యున్నది. లోనికి వచ్చువాడు తనంతట వచ్చుచున్నాడు. బలవంతముగా చదివింపబడినవానికంటె ఇష్టముతో వచ్చినవాడు త్వరగా మారునని ఆశించుట న్యాయమే.

కావున ఈ రజతోత్సవ సమయమున సభవారి యెదుట మూడు మనవులు. ఒకటి: వారమున కొకనాడు సాయంకాలము, చదువ నేర్చినవారు చదువ నేరని పెద్దలకు భారతమో, వార్తాపత్రికయో బిగ్గరగా చదివి వినిపింపవలెను, వినుట గూడ చదువే. రెండు: భూమి లెక్కలు, హద్దు కొలతలు, దస్తావేజులలోని మాటల యర్థములు తెలియజెప్పు చిన్న పుస్తకములు ఒక బీరువాలో నుంచవలెను, లెక్క తెలిసినచోట అనుమానము తగ్గును, అనుమానము తగ్గినచోట పగ తగ్గును. మూడు: యువకులు చేతిలోని చరవాణిపై కత్తియుద్ధముల చిత్రములు చూచుచున్నారని కోపగింపక, ఒకనాడు ఈ మందిరముననే ముసాషి చిత్రమును అందఱికి చూపి, చివర పడవలో నాతడు ఏల ఏడ్చెనని వారినే అడుగవలెను. ప్రత్యుత్తరము వారే చెప్పుదురు.

మొదట అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పి ముగింపవలసియున్నది. కఱ్ఱ నెత్తిన చేతిని పుస్తకము దింపగలదా? ఆ క్షణమున దింపలేదు. ఆ క్షణమున పుస్తకము బీరువాలో నుండును. కాని పదేండ్లక్రింద చదివిన మాట, పెద్దవాడు విడమఱచి చెప్పిన మాట, ఆ చేయి గాలిలో నున్నప్పుడు జ్ఞప్తికి రాగలదు. యోషియోకా యజమానిపై ఎత్తిన ఖడ్గ మట్లే ఆగెను. కళింగమున ఆగని ఖడ్గము ఎఱ్ఱగుడి శిలపై అక్షరమై నిలిచెను. ఈ గ్రామమున ఎత్తిన చేతులును అట్లే దిగుగాక. వేఱువేఱు దారుల పోవు బోనములు వచ్చు ఆషాఢమున ఒకే దారిని నడచుగాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఇచ్చటి హద్దురాళ్లు పెట్టినచోటనే యుండుగాక.

స్వస్తి.